కింద పట్టేవాడు

ఆ ఎండాకాలం మా నాన్న ఎవరింటి సామానూ కింద పడెయ్యలేదు. ఈ మాట ముందే చెప్పాలి. జరిగింది విన్నవాళ్లు బరువు ఆపుకోలేక జారవిడిచి ఉంటాడని అనుకుంటారు. జారవిడవలేదు. అదే మా కొంప ముంచింది.

పిల్లల బళ్లు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా జనం ఇళ్లు మారతారు. మిగతా ఏడాదంతా ఈగలు తోలుకునే మా ఇంటికి ఆ కాలంలో మాత్రం ఊపిరాడదు. నాన్న, బాబాయి కలిసి సామాన్లు మోసేవారు. వ్యాను వాళ్లది కాదు. దాని ఓనరును అందరూ హారన్ అనేవారు. నోరు తెరిచి పిలిచే ఓపిక లేక తెల్లారేసరికి మా గుమ్మం ముందు హారన్ కొట్టి కూర్చునేవాడు. గాజుసామాను, పింగాణీ పాత కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దడం నా పని. డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న ఆ సంగతి మరిచిపోనిచ్చేవాడు కాదు. "గ్రాడ్యుయేటు గారూ, ఆ కప్పులు జాగ్రత్త" అని వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. ఇంకా ఫలితాలు రాలేదని నేను గొణిగితే, రాకపోతే మాత్రం కప్పులు పగలగొడతావా అనేవాడు.

బీరువాలూ ఫ్రిజ్‌లూ మెట్లెక్కించడంలో ఆ అన్నదమ్ములది ఒక పద్ధతి. బాబాయి పైన, వెనక్కి నడుస్తూ ఎక్కుతాడు. నాన్న కింద. బరువు మూడొంతులు కిందికే వస్తుంది కాబట్టి అది పెద్దవాడికే రావాలని నాన్న వాదన. ఇద్దరి మధ్యా బీరువా ఉంటుంది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. అందుకని మెట్టుమెట్టుకీ కింది నుంచి నాన్న "ఊ" అంటాడు. ఆ మాట చెవిన పడితేనే బాబాయి కాలు పైమెట్టు మీదికి జరుగుతుంది. అది తప్ప వేరే మాట ఉండకూడదు. నాన్న గొంతు వింటూ కళ్లు మూసుకుని ఎక్కెయ్యగలనని బాబాయి అంటుండేవాడు.

ఇంకొకటి తాళ్లు. నాన్న కట్టిన ముడి దారిలో ఊడిందని ఎవరూ చెప్పరు. బరువు పడేకొద్దీ బిగిసే ముడి అది. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మాత్రం మొత్తం విడిపోతుంది. ఎవరైనా కత్తెర తీస్తే నాన్నకి ఒళ్లు మండేది. తాడు కోసేవాడు పనివాడు కాదనేవాడు. వ్యాన్ల దగ్గర ఆయన్ని తాళ్లాయన అనే పిలిచేవారు.

సీజను మొదట్లోనే ఒకరోజు ఒక ఫ్రిజ్ ఎక్కిస్తున్నారు. పై అంతస్తులో ఎవరో వరండా కడిగారు. సబ్బునీళ్లు మెట్ల మీదికి కారాయి. నేను గాజుపెట్టె పట్టుకుని వెనక వస్తున్నాను. నాన్న ఎడమకాలు సర్రున పక్కకి జారి కిందిమెట్టు దాకా పోయింది. కుడికాలు పైనే ఉంది. రెండు కాళ్లూ అంతంత దూరమైపోయి మనిషి చీలినట్టు నిలబడ్డాడు. చేతులు మాత్రం ఫ్రిజ్‌ని వదల్లేదు. కాస్త ఆలస్యంగా "ఊ" అన్నాడు. బాబాయి మెట్టెక్కాడు.

పని అయ్యాక వ్యానులోకి ఎక్కడానికి తొడని రెండు చేతులతో ఎత్తుకోవాల్సి వచ్చింది. ఈ వయసులో సర్కస్ ఎందుకని బాబాయి వేళాకోళం చేశాడు. నాన్న నవ్వాడు. నవ్వితే కూడా నొప్పేసినట్టుంది, మధ్యలో ఆపేశాడు.

మర్నాటికి తొడ లోపలి వైపు కమిలి నల్లబడింది. అమ్మ చెప్తేనే నాకు తెలిసింది. బాబాయీ నేనూ బలవంతాన క్లినిక్‌కి తీసుకెళ్లాం. నాన్న నన్ను బయటే కూర్చోబెట్టాడు. డాక్టరు చూడటం అయిపోయాక, ఇంట్లో చదువుకున్న మనిషి ఎవరని అడిగి లోపలికి పిలిచాడు. గజ్జలో కండ చిరిగిందని చెప్పాడు. పరిగెత్తేవాళ్లకీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లకీ ఎక్కువగా వస్తుందట. కాలు ఒక్కసారిగా పక్కకి సాగినా, బరువుతో ఉండగా నడుము తిప్పినా, మానకముందే మళ్లీ పనిలోకి దిగినా అంతేనట. ఐసు పెట్టి, కాలికి విశ్రాంతి ఇస్తే అదే అతుక్కుంటుందన్నాడు. అంతటితో ఆగలేదు. ఊపిరి బిగబట్టి బరువులెత్తేవాళ్లకి ఆ చోటే పొట్ట గోడ పలచబడుతుందని, అందులోంచి పేగు బయటికి తోసుకొస్తుందని, దగ్గు పట్టుకుంటే మరీ ప్రమాదమని చెప్పాడు.

"గజ్జలో ముద్దలా లేస్తే నాకు చూపించాలి. ఆ ముద్ద లోపలికి పోవడం మానేసి నొప్పి, వాంతులు మొదలైతే గంట కూడా ఆగకూడదు. అర్థమైందా అమ్మా?"

అర్థమైందన్నాను. అంతసేపూ నాన్న తల ఎత్తి ఫ్యాను రెక్కలు చూస్తూ కూర్చున్నాడు. కూతురి ముందు ఆ చోటు గురించి మాట్లాడుతుంటే మనిషి చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చాక, "విన్నావా, మీ నాన్న ఫుట్‌బాల్ ఆటగాడట" అన్నాడు. ఇక దాని గురించి మాటలు వద్దని చెప్పడమే అది.

మంచం మీద ఉన్నన్నాళ్లూ చెప్పినట్టే విన్నాడు. బాబాయికి హారన్ వేరే మనిషిని జత చేశాడు. కండ ఉన్న మనిషే గాని వాగుడుకాయ. మెట్ల మీద సినిమా కథలు చెప్పేవాడట. "ఊ" అనమంటే ఒకచోట అనేవాడు, ఒకచోట మరిచేవాడు. ఒక సాయంత్రం బాబాయి కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గోడకీ బీరువాకీ మధ్య నలిగి గోరు లేచిపోయింది. ఏమీ కాలేదన్నయ్యా అంటూ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నాన్న ఆ చేతిని ముందుకి లాగి గుడ్డ విప్పి చూశాడు. అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు హారన్ మోగకముందే చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

అమ్మ అడ్డుపడింది. కాలు ఈడుస్తూ ఎక్కడికి బయల్దేరావని నిలదీసింది. కాలు బాగయిందని ఆయన, బాగయితే ఆ గోడెందుకు పట్టుకున్నావని ఆమె. చివరికి నాన్న గొంతు తగ్గించి, "వాడి వేలు చూశావుగా" అన్నాడు. అమ్మ పక్కకి జరిగింది.

మా అమ్మ బట్టలు కుట్టేది. ఆ రోజుల్లో స్కూలు యూనిఫారాలతో తల ఎత్తే తీరిక ఉండేది కాదు. అలాంటిది ఒక మధ్యాహ్నం పాత దుప్పటి ముక్కలు మడిచి అరచెయ్యంత మెత్త ఒకటి కుట్టడం చూశాను. ఏమిటని అడిగితే, మీ నాన్న తొడకి దన్ను అంది. ఇంకొన్నాళ్లకి మరొకటి కుట్టింది. ఇది మొదటిదానికన్నా పెద్దది, మందం. ఈసారి నేను ఊరుకోలేదు. ముద్దేమైనా లేచిందా అని అడిగాను. మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"లేచింది. పడుకుంటే లోపలికి పోతోందిలే. పోతోందంటే తగ్గుతున్నట్టే కదే."

"తగ్గడం కాదమ్మా. డాక్టరు చెప్పింది అదే. అది పేగు."

అమ్మ నా మొహంలోకి చూసి మళ్లీ గుడ్డ వైపు చూసింది. మెత్త సగం కుట్టి ఉంది. మిగతా సగం కుట్టలేదు, విప్పనూ లేదు. ఆ సాయంత్రం తానే నాన్నకి చెప్పింది. బయట కూర్చున్న నాకు గోడ అవతల వాళ్ల గొంతులు చాలాసేపు వినపడ్డాయి. చీకటి పడే ముందు నాన్న బయటికొచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కాలు చాచి, చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా దిగాడు. నేను చూడనట్టే ఉన్నాను.

"గ్రాడ్యుయేటు గారూ. వ్యానులో బీరువా తలుపు ఊగుతుంటే ఏం చేస్తాం?"

జవాబు తానే చెప్పాడు.

"కడతాం. బిగించి కడితే ఊగుతుందా? ఊగదు. దిగాల్సిన చోట దిగేదాకా అట్లాగే ఉంటుంది."

"మనిషి బీరువా కాదు నాన్నా."

"కాదు. బీరువాకి తమ్ముడు ఉండడు" అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. సీజను అయిపోనిమ్మన్నాడు, మన ఇల్లు కూడా మారనిమ్మన్నాడు, ఆ పై వారం నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి కోయించుకుంటానన్నాడు. మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. నేను మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్లి ఆపరేషనుకి పేరు రాయించి వచ్చాను. చిన్న ఆపరేషనేనని, రెండో రోజే ఇంటికి పంపేస్తామని అక్కడివాళ్లు చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్తే అందరికీ గుండెల మీది బరువు దిగింది. అమ్మ రెండో మెత్త పూర్తి చేసింది.

అవును, మేమూ ఇల్లు మారబోతున్నాం. ఊళ్లో అందరి ఇళ్లూ మార్చిన మనిషి తన ఇల్లు మార్చుకోవడం అదే మొదటిసారి. కిటికీ లేని మా ఒంటి గది నుంచి పక్కవీధిలో మేడ మీది రెండు గదుల్లోకి. అక్కడ రెండు కిటికీలు. ఒకదాని కింద అమ్మ మిషన్, రెండోదాని కింద నా బల్ల అని నాన్న ఎప్పుడో లెక్క వేసేశాడు. యూనిఫారాలన్నీ ఇచ్చేశాక ఒక సాయంత్రం అమ్మ మిషన్‌ని మూతతో సహా స్టాండుకి కట్టేశాడు. వంగలేక నేల మీద కూర్చుని కట్టాడు. కట్టి, కొస నా వైపు తిప్పి, "అక్కడికెళ్లాక నువ్వు లాగు" అన్నాడు.

అప్పటికే ఆయనకి దగ్గు పట్టుకుంది. ఎన్నేళ్ల నుంచో తలుపులు తెరవని ఒక పాత ఇల్లు ఖాళీ చేయించారు. ఆ దుమ్ము గొంతులో చేరింది. దగ్గు వచ్చిన ప్రతిసారీ నాన్న చెయ్యి నడుము కిందికి వెళ్లేది. అక్కడ మెత్త, దాని మీద తాడు. అరచేత్తో ఒత్తి పట్టుకుని దగ్గి, చెయ్యి తీసేసేవాడు. సామాను పట్టుకున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి దగ్గు మింగేసేవాడు.

ఆ దగ్గుతోనే పనికి వెళ్లిన ఒక రోజు, చివరి ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. సామాను తక్కువ. ఒకే ఒక్క బీరువా, పాతకాలపు చెక్కది, ఏనుగంత. పొద్దుట నాన్న టీ తాగలేదు. వికారంగా ఉందన్నాడు. తాడు బిగించుకోవడానికి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక మొహం కడుక్కుని మామూలుగానే ఉన్నాడు. నొప్పిగా ఉందా అని అడిగాను. కడితే తెలియడం లేదన్నాడు.

మొదటి వరస మెట్లు ఎక్కారు. "ఊ." "ఊ." రెండో వరస. నేను గాజుపెట్టెతో నాలుగు మెట్లు వెనక ఉన్నాను. నాకు నాన్న వీపు కనపడుతోంది, చొక్కా అంతా ఒంటికి అతుక్కుపోయి ఉంది. మలుపుకి కాస్త ముందు బాబాయి కాలు ఎత్తడానికి సిద్ధమై ఆగాడు. కింది నుంచి మాట రాలేదు.

బాబాయి ఎదురుచూశాడు. నాన్న నుదురు బీరువా చెక్కకి ఆనించి ఉంది. చేతులు పట్టు వదల్లేదు.

"అన్నయ్యా?"

మెట్ల మీద బాబాయి ఇంకో మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి నాన్న, "దించు" అన్నాడు. ఆ మాటా నేను ఎప్పుడూ వినలేదు.

మలుపు దాకా ఎట్లాగో లాగి దించారు. నాన్న భుజం మీది తాడు తీసి, బీరువా జారకుండా మెట్ల కటకటాలకి కట్టాడు. ముడి ఎప్పటిలాగే సరిగ్గా వేసి, ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆ తర్వాతే కూర్చున్నాడు. కూర్చున్న చోటే వాంతి చేసుకున్నాడు.

హారన్ ఆ రోజు దారి పొడుగునా చెయ్యి హారన్ మీది నుంచి తియ్యలేదు.

ఆసుపత్రిలో నర్సు పరదా లాగి, నాన్న ప్యాంటు వదులు చేసి, తాడు చూసి కత్తెర తీసింది. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. నేనక్కడ ఉంటే ఆయన సిగ్గుతో చచ్చిపోతాడని తెలుసు. వెనక నుంచి గొంతు వినపడింది.

"కొయ్యకమ్మా. ఆ కొస పట్టుకుని లాగు. అదే వచ్చేస్తుంది."

ఒక్క లాగుకి తాడు విడిపోయిన చప్పుడు వినపడింది. మంచం మీంచి కొస జారి నేలకి తగిలింది. అప్పటిదాకా ఆమె నాన్నతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, పేరేంటి, ఏం పని, పిల్లలెంతమంది అని. ఇక మాట్లాడలేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లి ఇద్దరు డాక్టర్లని వెంటబెట్టుకుని వచ్చింది.

పొట్ట గోడలో పడిన కంతలో పేగు ఇరుక్కుని నెత్తురు ఆగిపోయిందని పెద్ద డాక్టరు తర్వాత చెప్పాడు. ముందు రోజే ఇరుక్కుని ఉంటుందట. దాని మీద మెత్త పెట్టి బిగించి కట్టడంతో అది లోపలికీ పోలేదు, కంటికీ కనపడలేదు. నల్లబడిన మేర కోసేసి కుట్టామని, విషం ఒంట్లోకి పాకకుండా మందులు ఇస్తున్నామని చెప్పాడు. ముందే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, అమ్మ మొహం చూసి ఆపేశాడు. అమ్మ ఆ మెత్తని నర్సు చేతుల్లోంచి తీసుకుని సంచిలో పెట్టుకుంది. దాన్ని ఎప్పుడు ఏం చేసిందో మేము అడగలేదు.

మర్నాడు జ్వరంలోనే నాన్నకి కాస్త తెలివొచ్చింది. బాబాయి తలదగ్గర నిలబడ్డాడు. నాన్న మొదట అడిగింది బీరువా గురించి.

"అక్కడే ఉంది. మెట్ల మీదే. నువ్వు కట్టినట్టే ఉంది."

"కదిలిందా?"

"కదల్లేదు అన్నయ్యా."

నాన్న మొహంలో తృప్తి కనపడింది. ఆ తృప్తిని నేను ఎన్నోసార్లు చూశాను, వ్యాను తలుపు తీసి లోపల సామాను పెట్టింది పెట్టినట్టే ఉందని చూసుకున్నప్పుడల్లా. తర్వాత నా వైపు చూశాడు. ఆ పొద్దుటే ఫలితాలు వచ్చాయి. పాసయ్యానని చెప్పాను. ఆయన పెదవులు తడుపుకుని, "అయితే గాజుసామానుకి వేరే మనిషిని చూసుకోవాలి" అన్నాడు. బాబాయి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం జ్వరం మరీ ఎక్కువైంది. ఆ తర్వాత ఆయన ఎవర్నీ గుర్తుపట్టలేదు. తెల్లారకముందే పోయాడు.

టీచరమ్మ తన బీరువా సంగతి అడగనే లేదు. ఎవర్నో పిలిపించి మిగతా మెట్లు ఎక్కించుకుందట. ముడి విప్పడం చేతకాక వాళ్లు తాడు కోసేశారని విన్నాం.

మా పాత గది అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు. వాళ్లు మంచివాళ్లు, ఒక వారం ఆగారు. అంతకన్నా ఆగమని ఏ మొహంతో అడుగుతాం? బళ్లు తెరిచే ముందు రోజు హారన్ వ్యాను తెచ్చాడు. హారన్ కొట్టలేదు. దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, రావచ్చా అని అడిగాడు.

ఉన్నదే నాలుగు వస్తువులు. మంచం, పెట్టెలు, గిన్నెల సంచులు హారనూ బాబాయీ కలిసి మేడ మీదికి చేర్చారు. హారన్‌కి వయసైంది, ఆయాసంతో వ్యానులో చేరగిలబడ్డాడు. అమ్మ పైన గది ఊడుస్తోంది. ఇక మిషన్ మిగిలింది. ఇనప స్టాండుతో ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

బాబాయి చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత ఏమీ అనకుండా కింది వైపు వంగాడు. ఆయన కింది వైపు పట్టడం నేను అంతకుముందు చూడలేదు. నేను పై వైపు పట్టుకున్నాను. వెనక్కి నడుస్తూ ఎక్కడం అంత కష్టమని పట్టుకునేదాకా తెలియలేదు. వెనక ఏముందో కనపడదు. ముందు మిషన్ మూత తప్ప ఏమీ కనపడదు. మూత మీద నాన్న వేసిన ముడి నా గడ్డానికి రాసుకుంటోంది, కొస నా వైపే ఉంది.

మొదటి మెట్టుకి మడమ ఆనించి ఆగాను.

కింది నుంచి మాట రాలేదు. బాబాయికి ఆ మాట అనడం అలవాటు లేదు. ఇన్నేళ్లూ వినడమే. ఆయన ఊపిరి మాత్రం వినపడుతోంది. ఆ మాట అనమని నేను అడగలేదు. ఇనుము అరచేతుల్లోకి దిగబడుతోంది.

ఎంతవరకు వచ్చారని అమ్మ పైనుంచి అడిగింది. ఇద్దరిలో ఎవరమూ పలకలేదు.